వారంటీ ఇంకా రెండేళ్లుంది... నడుం మాత్రం ఇప్పుడే పట్టేస్తోంది!

ప్రశ్న: నా వయసు 47. ఎనిమిదేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు మెమరీ ఫోమ్ పరుపు కొన్నాం. కొత్తలో దాని మీద వాలితే చాలు, నిద్ర పట్టేసేది. ఏడాదిగా పొద్దున లేవగానే నడుం పట్టేస్తోంది. మంచం అంచున కాసేపు కూర్చుంటే గానీ నిలబడలేకపోతున్నాను. వంటింట్లో అటూ ఇటూ తిరిగి టీ తాగేసరికి సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి నొప్పి సంగతే గుర్తుండదు. ఈమధ్య మా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుంటే అసలు బాధే లేదు. మావారు 90 కిలోలుంటారు. ఆయన వైపు పరుపు కాస్త దిగినట్టుంది, రాత్రిళ్లు నేను అటే జారుతుంటాను. ‘పదేళ్ల వారంటీ ఉంది, పరుపుకేం కాలేదు, నీకే వయసు మీద పడుతోంది’ అంటారాయన. అత్తగారేమో కింద చాప వేసుకుని పడుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి? పరుపు మార్చాల్సి వస్తే పాతది అత్తగారి గదిలో వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చింది మీ చెల్లెలి ఇంటి సంగతి. లేచినప్పుడు పట్టేసి, అరగంటలో వదిలేసి, వేరే పడక మీద అసలు రాని నొప్పి అంటే ముందు పరుపునే అనుమానించాలి. అయితే నాలుగు రోజులు చాలవు. చెల్లెలి ఇంట్లో ఇంటి పని తగ్గి ఉంటుంది, టెన్షన్ తగ్గి ఉంటుంది, దాంతోనూ నడుం తేలికపడుతుంది. కాబట్టి మీ ఇంట్లోనే, మీ పనులన్నీ మామూలుగా చేసుకుంటూ, వేరే గదిలో వేరే పరుపు మీద ఒక వారం పది రోజులు పడుకుని చూడండి. అక్కడ కూడా నొప్పి రాకపోతే దోషం దొరికినట్టే.

ఇక వారంటీ విషయం. ఇంట్లో కార్డు ఉంటే తీసి చిన్న అక్షరాలు చదవమనండి మీవారిని. చాలా కంపెనీలు పరుపు మీద ఎవరూ లేనప్పుడు కంటికి కనిపించే గుంట ఒక అంగుళమో, అంగుళంన్నరో దాటితేనే లోపం కింద లెక్కేస్తాయి. వాడకం వల్ల ఫోమ్ మెత్తబడటం సహజం అని దాన్ని పక్కన పెట్టేస్తాయి. పరుపు ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉందన్నది వారంటీ లెక్క. మనిషి పడుకున్నప్పుడు ఎంత దిగుతోందన్నది నడుం లెక్క. పాతబడిన మెమరీ ఫోమ్‌లో ఈ రెండూ కలవవు. దుప్పటి పరిచి ఉంటే మంచం బల్లలా సమంగానే కనిపిస్తుంది, పడుకుంటే మాత్రం తుంటి దగ్గర రెండు మూడు అంగుళాలు కిందికి పోతుంది.

ఎందుకలా? మెమరీ ఫోమ్ అంటే పాలియురెథేన్‌తో చేసిన నురగ. దాన్నిండా సూక్ష్మమైన గదులుంటాయి. బరువు పడితే వాటిలోని గాలి మెల్లగా బయటికి పోతుంది, బరువు తీస్తే మెల్లగా లోపలికి వస్తుంది. చెయ్యి నొక్కి తీస్తే అచ్చు కాసేపు ఉండి మాయమయ్యేది అందుకే. 1960ల్లో నాసా విమాన సీట్ల కుషన్ల కోసం చేయించిన పనిలోంచి పుట్టిన పదార్థం ఇది. ఇళ్లలోకి పరుపుగా వచ్చింది 1990లలో. రోజుకు ఏడు గంటల చొప్పున లెక్కేసినా ఎనిమిదేళ్లలో మీ పరుపు 20 వేల గంటలు బరువు మోసింది. ఒంటి బరువులో పెద్ద వాటా తుంటి, నడుం దగ్గరే పడుతుంది. అక్కడి గదుల గోడలు ముందుగా అలిసిపోయి చిట్లుతాయి. ఒంటి వేడి, చెమట, గాలిలో తేమ ఆ పనిని ఇంకాస్త తొందర చేస్తాయి. సముద్రం పక్కన ఉన్న మీ ఊళ్లో తేమకు కొదవేముంది! వెనకటి నులక మంచం వదులైతే కాళ్ల వైపు తాళ్లు లాగి బిగించుకునేవాళ్లు. ఫోమ్ వదులైతే బిగించే దారి లేదు.

మామూలుగా మంచి మెమరీ ఫోమ్ పరుపు ఏడు నుంచి పదేళ్లు మన్నుతుంది. నాసిరకందైతే నాలుగైదేళ్లకే డీలా పడుతుంది. బరువైన మనిషి పడుకునే వైపు ఇంకా ముందే. మీవారి వైపు జరిగిందదే. మీ కష్టం మరో రకం. పరుపు అటు వాలిపోతుంటే జారకుండా ఉండాలని నిద్రలో కూడా మీ నడుం కండరాలు బిగబట్టుకుంటాయి. పక్కకు తిరిగి పడుకుంటే తుంటి దిగి వెన్ను విల్లులా వంగుతుంది. ఆ గుంటలోంచి పక్కకు ఒత్తిగిలాలంటే ముందు పైకి లేవాలి. దాంతో మనిషి కదలకుండా ఒకే భంగిమలో గంటలు గడిపేస్తాడు. పొద్దున పట్టేయకేం చేస్తుంది?

మీవారి మాటలోనూ కొంత నిజముంది లెండి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి. అందువల్ల ఎవరికైనా లేచిన మొదటి అరగంట, గంట నడుం బిరుసుగా ఉంటుంది. నలభై దాటాక అది ఎక్కువగా తెలుస్తుంది. ఆ సమయంలోనే మన ఆడవాళ్లు చీపురు పట్టుకుని వాకిలి ఊడ్వడం, వంగి ముగ్గు పెట్టడం చేస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మందు రాసే ముందు నేను చెప్పేది ఇదే: లేచాక కనీసం అరగంట వంగే పనులు పెట్టుకోవద్దు. లేవడం కూడా తిన్నగా తల పైకెత్తి కాదు. ఒక పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, చేతుల మీద బరువు ఆనించి లేవండి. పరుపు మార్చినా మార్చకపోయినా ఈ అలవాటు చేసుకోండి.

పరుపు సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొద్దున లేచి గంట గడిచాక దుప్పట్లన్నీ తీసేయండి. ఒక తిన్నని కర్రో, కర్టెన్ రాడ్డో పరుపుకి అడ్డంగా, తుంటి ఆనే చోట పెట్టండి. కర్రకీ పరుపుకీ మధ్య సందు ఎంతుందో స్కేలు దించి చూడండి. భుజాల దగ్గర, కాళ్ల దగ్గర కూడా చూసి పోల్చండి. ఆ తర్వాత గుంట ఉన్న చోట పిడికిలితో గట్టిగా నొక్కండి, ఎవరూ పడుకోని మూల కూడా నొక్కండి. మూలలో పిడికిలి నెమ్మదిగా దిగి, గుంట దగ్గర తటాలున కింది పొరకు తగిలితే పైపొర చచ్చిపోయిందని అర్థం. మధ్యాహ్నం ఉక్కపోతలో మాత్రం ఈ పరీక్ష చేయకండి. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చల్లదనానికి గట్టిపడుతుంది. ఏసీ గదిలో గట్టిగా అనిపించిన పరుపే మే నెలలో కరెంటు పోయినప్పుడు ఊబిలా అనిపిస్తుంది. అది పాతబడటం కాదు, దాని గుణం.

అన్నట్టు, పరుపు ఎత్తి కింద మంచం కూడా చూడండి. ఇప్పుడు అందరిళ్లలోనూ కింద సామాను పెట్టుకునే బాక్స్ మంచాలే. వాటి మీది ప్లైవుడ్ షీటు మధ్యలో కిందికి వంగి ఉంటే పరుపుని తిట్టి లాభం లేదు. వడ్రంగిని పిలిచి కింద ఒక బద్దె కొట్టిస్తే పోయేదానికి కొత్త పరుపు కొన్నవాళ్లున్నారు. పైగా గాలి ఆడని ప్లైవుడ్ మీద ఫోమ్ వేస్తే అడుగున తేమ చేరి నల్లటి బూజు మచ్చలు వస్తాయి. ముక్కవాసన, పొద్దున్నే వరసగా తుమ్ములు ఉంటే అక్కడ వెతకండి. అలాగని దూది పరుపులా మేడ మీద ఎండలో వేసి కర్రతో బాదకండి. ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పెళుసైపోతుంది. ఫ్యాను కింద నిలబెట్టి ఆరనిస్తే చాలు.

అత్తగారి చాప వైద్యం గురించి. నడుం నొప్పికి ఎంత గట్టి పడక అయితే అంత మంచిదని మనకు బాగా నాటుకుపోయింది. డాక్టర్లమూ చాలాకాలం అదే చెప్పాం. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉన్నది ఇచ్చి 90 రోజుల తర్వాత చూస్తే, మధ్యస్థంగా ఉన్నదాని మీద పడుకున్నవాళ్లకే పడక మీద నొప్పి, లేచేటప్పటి నొప్పి ఎక్కువగా తగ్గాయి. మరీ గట్టి నేల మీద భుజం, తుంటి ఒత్తుకుంటాయి, నడుం కింద సందు మిగిలిపోతుంది. పైగా నేల మీది నుంచి లేవడం మోకాళ్లకు శిక్ష. కావాలంటే చాప మీద మందంగా బొంత వేసుకుని కొన్ని రోజులు చూడండి, తప్పు లేదు. హాయిగా ఉంటే అలాగే కొనసాగించినా నాకు అభ్యంతరం లేదు.

పరుపు మార్చేలోపు తల వైపు కాళ్ల వైపుకి వచ్చేలా దాన్ని తిప్పి వేయండి. తిరగేయొద్దు. మెమరీ ఫోమ్ పొర పైనే ఉంటుంది, బోర్లా వేస్తే కింది గట్టి ఫోమ్ పైకొస్తుంది. గుంట ఉన్న చోట పరుపు అడుగున మడతపెట్టిన పాత దుప్పటి పెడితే కొన్నాళ్లు సర్దుకోవచ్చు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. పైన ‘టాపర్’, అంటే పాత పరుపు మీద పరిచే పలచటి మెత్త, వేస్తే సరిపోతుందని షాపువాళ్లు అంటారు. అది గుంటలోకి గుంటలాగే దిగుతుంది, డబ్బు దండగ.

కొత్తది కొనేటప్పుడు ఎన్ని అంగుళాల మందం అని మాత్రమే అడిగి ఊరుకోకండి, డెన్సిటీ, అంటే ఫోమ్ ఎంత దట్టంగా ఉందో అడగండి. పై మెమరీ ఫోమ్ పొర ఘనపు మీటరుకు 50 కిలోలు, ఆ పైన ఉంటే ఎక్కువ కాలం ఆగుతుంది. మీవారి బరువుకి అంతకు తక్కువైతే నేను ఒద్దంటాను. ‘ఆర్థోపెడిక్’ అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు, ఆ ముద్ర కొట్టడానికి నాలాంటి డాక్టరు సంతకం ఏమీ అక్కర్లేదు. షాపులో ఇద్దరూ కలిసి, రోజూ పడుకునే తీరులోనే పది పదిహేను నిమిషాలు పడుకోండి. మొహమాటపడకండి. వీలైతే మధ్యలో విడిగా ఉండే రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకోవడం మీ ఇంటికి మేలు. ఒకరి గుంటలోకి ఇంకొకరు జారే బాధ ఉండదు, అరిగినదాన్నే మార్చుకోవచ్చు. కొన్నాక మూడు నెలలకోసారి తల, కాళ్ల వైపులు మారుస్తుండండి.

పడక మార్చి మూడు నాలుగు వారాలైనా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. కొన్ని లక్షణాలుంటే అంతవరకూ కూడా ఆగొద్దు. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేయడం, పొద్దున బిగుతు గంట దాటినా వదలకపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలు బలహీనపడటం లేదా కాలి కిందిదాకా లాగడం, ఈమధ్య కింద పడి ఉండటం లాంటివి పరుపు మీదికి తోసేసే నొప్పులు కావు. మూత్రం, మలం పట్టు తప్పినా, మూత్రం రాక ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మీరు రాసిన దాంట్లో ఇవేవీ లేవు కాబట్టి ఇప్పుడే ఎంఆర్‌ఐకి పరుగెత్తక్కర్లేదు.

పాత పరుపు అత్తగారి గదిలో వేయొద్దు. పెద్దవాళ్లకు పడుకోవడం కంటే లేవడమే కష్టం. దిగిపోయిన ఫోమ్‌లోంచి పైకి రావడానికి తుంటిలో, తొడల్లో బలం కావాలి. అంచు కూడా మెత్తబడి ఉంటే రాత్రి బాత్రూముకని లేచి కూర్చున్నప్పుడు ముందుకు జారిపోతారు. ఆవిడకు అంచు గట్టిగా ఉండే పరుపు, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనే ఎత్తు మంచం ఉండాలి. కొబ్బరి పీచు పరుపు మీద పలచటి మెత్త వేసినా ఆవిడకు సరిపోతుంది.