నిన్న తిన్నదే చెప్పండమ్మా

ప్రశ్న: మాది తిరుపతి. పోయిన వారం ఆహార సర్వే అని ఇద్దరు వచ్చి, ముందురోజు ఇంట్లో ఎవరెవరు ఏం తిన్నారో గిన్నెలు చూపించి మరీ అడిగారు. ఆ రాత్రి కూర చెయ్యలేదు, రాగిసంగటి, చెనక్కాయల పచ్చడితో సరిపెట్టుకున్నాం. చెప్పడానికి మొహమాటమేసి అన్నం, బీన్స్ కూర అని రాయించాను. అయినా ఒక్కరోజు తిండితో దేశం లెక్క ఎలా తేలుతుంది? ఇంతకుముందు వేరేవాళ్లు సరుకుల ఖర్చంతా రాసుకుపోయారు, అది చాలదా?
– ఒక గృహిణి

జవాబు: వాళ్లు ఫోన్ నంబర్ ఇచ్చి ఉంటే ఇవాళే చేసి, ఆ అన్నం తీసేసి సంగటి రాయమనండమ్మా. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న అడుగుతూ తిరిగినదాన్ని, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో 10 కూడా ఉండదు. మీరు చిన్నతనం అనుకుని దాచింది ఆ రోజు మీ ఇంట్లో తిన్న మంచి తిండి. మీలాగే పదిమంది దాస్తే, మన వైపు సంగటి తినడమే మానేశారని లెక్క తేలుతుంది.

ఖర్చుల సర్వే వేరు. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై దాకా దేశమంతా జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వే అలాంటిదే. బియ్యం, పప్పులకు నెలరోజుల లెక్క, కూరగాయలు, గుడ్లు, నూనెలకు వారం లెక్క అడుగుతారు. దాంట్లో ఇంటికి ఎంత పట్టిందో తెలుస్తుంది గానీ, ఎవరి కంచంలో ఎంత పడిందో తెలియదు. మీ ఊళ్లో దర్శనానికని వచ్చి నాలుగు రోజులుండే చుట్టాలు ఎప్పుడూ ఉంటారు కదా, బియ్యం వాళ్లకీ ఖర్చవుతుంది. మీరేమో కొండమీద అన్నప్రసాదం తిన్నపూట ఇంట్లో పొయ్యే వెలిగించరు. అందుకే బయట తిన్న పూటలు, చుట్టాలకు పెట్టిన పూటలు కూడా అడుగుతారు.

ఎవరెంత తిన్నారో తేలాలంటే గిన్నెలు కావాలి. 1972లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా మొదలైన పర్యవేక్షణ విభాగం పల్లెల్లో ఇలాగే లెక్క తీసేది. 200 గ్రాముల కందిపప్పు వేస్తే పప్పు ఒకటిన్నర లీటరు అయిందనుకోండి. మీరు వేసుకున్నది 150 మిల్లీలీటర్ల గిన్నెడు. అంటే మీకు దక్కింది 20 గ్రాముల పప్పు. ఆ గ్రాముల్లో ఏ పోషకం ఎంతో చూడటానికి 2017లో అదే సంస్థ వేసిన పట్టికలున్నాయి, 528 ఆహార పదార్థాలకు.

ఈ లెక్కంతా సులువే. కష్టమైనది ఇల్లాలి చేత ఆమె తిన్నది చెప్పించడం. ఒక ఇంట్లో మొగుడికి రెండు ముద్దలు, పిల్లలకు తలా ఒకటి అని చకచకా చెప్పింది. నీకో అంటే, "నాదేముందక్కా, ఏదో తిన్నా" అంది. సంగటి ముద్ద ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు కాబట్టి కుండ చూపించమన్నాను. కలిపి చూస్తే ఆమెకు మిగిలింది అడుగున అంటుకున్న మాడు, చిన్నోడు వదిలేసిన సగం ముద్ద. పచ్చడి కూడా గిన్నె తుడిచిందే. ఆ రోజు ఫారంలో ఆ సగం ముద్దను గ్రాముల్లో రాస్తుంటే నాకు చెయ్యి సాగలేదు. ఆ ఇంట్లో ఖర్చుల సర్వే చేసి ఉంటే రాగులు సరిపడానే ఉన్నాయని తేలేది.

ఇక ఒక్కరోజు సంగతి. మీ ఒక్కరి గురించి చెప్పడానికి అది చాలదు, నిజమే. మీ నిన్న, ఇంకో ఊళ్లో ఇంకొకరి నిన్న, అలా వేలమందివి వారంలో అన్ని రోజులూ కలిసేలా తీస్తే సగటు వస్తుంది. మనకు బేనీషా మామిడిపండ్లు వచ్చే నెలలకూ మిగతా నెలలకూ తిండి ఒకటి కాదు, అందుకని కాలాలూ కలవాలి. కాల్షియం ఎప్పుడూ తక్కువ పడేవాళ్లు ఎందరో తెలియాలంటే మాత్రం కొన్ని ఇళ్లకు రోజులు విడిచి రెండోసారి వెళ్లాలి. "మామూలుగా ఏం తింటారు" అని అడిగితే తినాలనుకున్నది చెబుతారు, అందుకే నిన్నటిది అడుగుతాం.

ఆ రెండో విడత మీ ఇంటికే రావచ్చు. పిల్లల కంచంలో మిగిలింది మీరు తిన్నారా అని వాళ్లు అడగడం మరిచిపోతే, మీరే చెప్పి రాయించండి.