చాటింగ్ వల్ల పిల్లల ఇంగ్లీషు పాడైపోతా ఉందా?

మెసేజీలు, చాటింగుల వల్ల ఇంగ్లీషు నాశనమైపోతా ఉంది గదా అని అడిగినారు. కాలేదు అంటాను నేను. తిరుపతిలో బాలాజీ కాలనీ పక్కన పదిహేనేండ్లుగా జిరాక్సు, డీటీపీ అంగడి నడుపుతా ఉండాను, పొద్దస్తమానం పిల్లోళ్ళ రాతలే చూస్తాను.

పోయిన నెల పుత్తూరు పిల్లోడొకడు, డిగ్రీ అయిపోయింది, ఉద్యోగానికి లెటర్ ఫోన్లో కొట్టి వాట్సాప్ చేసినాడు, ప్రింటు తీయన్నా అని. చూస్తే ప్లీజ్‌కి పీ ఎల్ జెడ్, యువర్‌కి యూ ఆర్, ఒక్క పెద్దక్షరం లేదు, ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. ఇట్లా పంపితే చదవను కూడా చదవరబ్బా అని చెప్పి, పాడైన జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చినా. కౌంటరు మీదే వంగి ఐదు నిమిషాల్లో రాసేసినాడు, రెస్పెక్టెడ్ సర్ నుంచి యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ దాకా ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, కామాలతో సహా! మరి ఫోన్లో ఏమైందిరా అంటే, "చాటింగ్‌లో ఫుల్‌స్టాప్ పెడితే కోపమొచ్చిందా అంటారన్నా, అదే అలవాటైపోయింది" అన్నాడు.

చాటింగ్ అంటే రాత కాదు, మాట. ఫ్రెండుని ఒరేయ్ అనేవాడు పెద్దాయన్ని అయ్యా అనడా? ఇంగ్లీషులోనూ అంతే.

అసలీ పొట్టి రాతలు సోమరితనంతో పుట్టినవి కాదు. బటన్ ఫోన్లో ఒక్కో బటన్ మీద మూడు నాలుగు అక్షరాలుండేవి, కావాల్సిన అక్షరం వచ్చేదాకా నొక్కాల. ప్లీజ్ అని నిండుగా కొట్టాలంటే 13 నొక్కులు, పీ ఎల్ జెడ్ అయితే 8తో అయిపోతుంది, పైగా ఒక మెసేజీకి 160 అక్షరాలే. పండగ రోజుల్లో అయితే మెసేజీల ప్యాకేజీ వేయించుకోనున్నా పనిచేసేది కాదు, ఉగాది శుభాకాంక్షలకి కూడా డబ్బులు కోసేవాళ్ళు, అది తల్చుకుంటే ఇప్పటికీ మండుతుంది నాకు. ఓఎంజీ (ఓ మై గాడ్) అనేదైతే 1917లోనే ఫిషర్ అనే బ్రిటిష్ నేవీ అడ్మిరల్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఉంది, అప్పుడు ఏ ఫోను చెడగొట్టింది? 2011లో దాన్నీ, పగలబడి నవ్వినామని చెప్పే ఎల్ఓఎల్‌నీ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఎక్కించినారు.

నా కోపమంతా కాలేజీల మీద. మూడేండ్ల డిగ్రీలో మెయిల్ ఎట్లా రాయాలో ఒక్క క్లాసన్నా చెప్పరా? సబ్జెక్ట్ అనే గడి ఖాళీగా వదిలేసి, బయోడేటా తగిలించి, కింద ఒక్క ముక్క రాయకుండా పంపేసే పిల్లోళ్ళని రోజూ చూస్తా ఉండాను. ఎవరికి ఎట్లా రాయాలో వాళ్ళకి చెప్పినోళ్ళే లేరు.