రెండు పాత డెక్ బోట్లు: తక్కువ ధరదా, తక్కువ ఖర్చుదా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల నాటి రెండు డెక్ బోట్లు (ముందుభాగం వెడల్పుగా ఉండి చాలామంది కూర్చోగల సరదా పడవలు) చూశాను. పొడవు, సీట్లు ఒకటే. మొదటిదానికి స్టెర్న్‌డ్రైవ్ ఇంజిన్, మీటరు మీద 140 గంటలే ఉన్నాయి. రెండోదానికి అవుట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక బయట బిగించేది), 420 గంటలు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. ధర మాత్రం 15 శాతం ఎక్కువ. మొదటిదైతే ఉన్న పొదుపుతో కొనేయొచ్చు, రెండోదానికి ఆ తేడా మేరకు లోన్ తీసుకోవాలి. సెలవు రోజుల్లో కుటుంబంతో సరస్సులో తిరగడానికే. ఏది కొనమంటారు?

జవాబు: తనిఖీలో నెగ్గితే రెండోదే కొనండి. అయితే పొదుపంతా ఊడ్చిపెట్టి మాత్రం ఏ పడవా కొనకండి.

ముందు ఆ 140 గంటల సంగతి. సరదాకి వాడే పడవ ఏడాదికి 50 నుంచి 100 గంటలు తిరగడం మామూలే. ఆ లెక్కన 420 గంటలు అరుగుదల కిందికి రావు. 140 అంటే ఏడాదికి 18 గంటలైనా లేదు, అంటే పడవ చాలాకాలం ఊరికే పడి ఉంది. అలా ఉంచేస్తే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, నిల్వ పెట్రోలు జిగురు కడుతుంది, నీళ్ల పంపులోని ఇంపెల్లర్ రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి.

స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట ఉంటాయి. వెనక పలక, అంటే ట్రాన్సమ్, దానికున్న రంధ్రంలోంచి రెండూ కలుస్తాయి. అక్కడ నీటిని ఆపేది బెలోస్ అనే రబ్బరు తొడుగు. అది చిరిగితే ముందు లోపలి జాయింట్లు, ఇంజిన్ నుంచి కాలికి వెళ్లే షాఫ్టును మోసే గింబల్ బేరింగు తుప్పు పడతాయి. పడవను నీళ్లలోనే వదిలేస్తే నీరు లోపలికి చేరి మునిగినా మునగొచ్చు. తొడుగు మార్చాలంటే కాలు మొత్తం ఊడదీయాలి కాబట్టి విడిభాగం కంటే కూలీయే ఎక్కువవుతుంది. నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నచోట, ఇంజిన్‌లో నీరు మిగిలితే బ్లాకు పగులుతుంది. అవుట్‌బోర్డ్‌కు ఈ తొడుగు ఉండదు. నిటారుగా దించి ఉంచితే నీరు దానంతటదే కారిపోతుంది.

ఇప్పుడు డబ్బు. మొదటి పడవ ధర 100 అనుకుంటే రెండోది 115. తేడా 15ను 12 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్‌గా తీసుకుంటే వడ్డీ సుమారు 3. కాబట్టి అసలు తేడా 18. బెలోస్, బేరింగు, ఇంపెల్లర్, ఆయిల్స్, బ్యాటరీ, ట్రైలర్ టైర్లు మార్చడానికి ఎంతవుతుందో మొదటి పడవ చూపించి మెకానిక్ దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. అది 18కి దగ్గరగా వస్తే చౌక బేరం అక్కడితో తేలిపోయినట్టే. బిల్లులున్న పడవను రేపు అమ్మడమూ తేలిక.

ఏది కొన్నా బీమా, నిలిపే చోటు, సర్వీసు కలిపి ఏటా ధరలో పదో వంతు పక్కన పెట్టండి, ఇంధనం దానికి అదనం. ఆరు నెలల ఇంటి ఖర్చుల నిధిని ముట్టుకోకండి. ఆ నిధిని పక్కన ఉంచితే లోన్ 15 కాస్తా 40 అయ్యేట్టుంటే ఈ ఏడాది కొనకపోవడమే మేలు. పాత పడవ విలువ ఏటా తగ్గుతుంది, మరమ్మతులు మొదలైతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బయానా ఇచ్చేముందు 'సర్వేలో, అంటే నిపుణుడి తనిఖీలో, లోపం తేలితే సొమ్ము వాపసు' అని రాయించుకోండి. మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి ఉండకూడదని అమ్మేవారికి ముందే చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే తీరే అసలు పరీక్ష. ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే పెట్టె, అంటే గేరు కేసు, దాని కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కల ఆయిల్ తెల్ల కాగితం మీద పట్టండి. పాలు కలిసినట్టుంటే సీళ్లు పోయి నీరు చేరిందన్నమాట. సిలిండర్ల కంప్రెషన్‌లో, అంటే లోపల గాలి నొక్కుకునే పీడనంలో, ఒకదానికొకటి 10 శాతానికి మించి తేడా ఉండకూడదు. నీటి మీద పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ వేగం కంపెనీ చెప్పిన పరిధిని అందుకోవాలి. ట్రాన్సమ్‌ను ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టించండి. టక్కుమనాల్సిన చోట మొద్దుగా మోగితే లోపలి చెక్క నానింది. అలాంటిది ఎంత తగ్గించినా వద్దు, ఫైబర్‌గ్లాస్ కోసి చెక్క మార్చాలి.

ట్రైలర్ టైరు మీది చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే గాడి లోతుగా కనిపించినా మార్పు ఖర్చు ధరలో తగ్గించమనండి. పడవ ఒంటి మీద చెక్కిన హల్ నంబరు కాగితాల్లోని నంబరుతో కలవాలి. పాత లోన్ తీరినట్టు అప్పిచ్చిన సంస్థ ఇచ్చే పత్రం చూశాకే మిగతా సొమ్ము చెల్లించండి.