1919 నాటి అమెరికన్ బాక్స్‌కార్‌ని (మూసిన సరుకు రైలు పెట్టెని) హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలులో దాదాపు 87వ వంతు సైజు మోడల్‌గా, 1948 రూపంతో కట్టాలి. రెజిన్ (అచ్చులో పోసిన ప్లాస్టిక్) కిట్‌లో పాత రకం కె బ్రేక్, కొత్త రకం ఏబీ బ్రేక్ రెండూ ఇచ్చారు. ఏది పెట్టాలి? కొలతల్లో ఏవి చూసుకోవాలి?

ముందు బ్రేక్ సంగతి. మీరు కట్టబోయే కారు నంబరు ఏదో, ఆ కారు ఫొటోలో ఏ బ్రేక్ కనిపిస్తే అదే పెట్టండి. 1948లో రెండూ పట్టాల మీద తిరుగుతున్నాయి. కొత్తగా కట్టే కార్లకు ఏబీ బ్రేక్ తప్పనిసరి చేసింది 1933లో. పాత కె బ్రేక్ ఉన్న కారు ఒక కంపెనీ లైను నుంచి ఇంకో కంపెనీ లైనుకు పోకూడదన్న నిషేధం పూర్తిగా అమలైంది 1953లో. మీ సంవత్సరం ఆ రెంటి మధ్య పడింది. కాబట్టి కిట్ కాగితం చెప్పలేదు, ఫొటో చెప్పాలి.

మీది యూఎస్‌ఆర్‌ఏ (యుద్ధకాలంలో రైల్వేలను నడిపిన అమెరికా ప్రభుత్వ సంస్థ) సింగిల్ షీత్డ్, అంటే ఒకే పొర పలకలున్న, బాక్స్‌కార్ అనుకుని చెబుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 డిసెంబరు చివర, అమెరికా ప్రభుత్వం రైల్వేలను తన చేతిలోకి తీసుకుంది. 1920 మార్చి 1న తిరిగి కంపెనీలకు అప్పగించింది. ఆ మధ్యకాలంలో ఒకే నమూనాతో ఇలాంటి కార్లు 25,000 కట్టించి అనేక కంపెనీలకు పంచారు. పుట్టినప్పుడు అన్నీ కవలలే. ఆ తరువాత ఏ కంపెనీ వర్క్‌షాపు దాని ఇష్టం వచ్చినట్టు మార్చుకుంది: తలుపులు, బ్రేకులు, కప్పు, కొన్నిచోట్ల పక్క పలకలు కూడా. కిట్‌లో ఉన్నది 1919 కారు, మీకు కావలసింది 1948 కారు. ఈ తేడాను చూసుకోకుండా కిట్‌లో ఉన్నదంతా అంటించేయడం వల్లే ఎక్కువ మోడళ్లు తప్పవుతాయి.

ఫొటో వెతికే తీరు ఇది. ముందు ఆఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ చూడండి. మీ కాలానికి దగ్గరి సంచికలో ఏ కంపెనీకి ఏ నంబర్ల వరుసలో ఎన్ని కార్లు మిగిలాయో, లోపలి కొలతలు ఎంతో ఉంటాయి. 1948 నాటికి ఆ వరుసలో పది కార్లే మిగిలుంటే ఆ కంపెనీని వదిలేసి వేరేది తీసుకోవడం మేలు. తరువాత ఆ వరుసలోని ఏదో ఒక కారుకి, మీ తేదీకి రెండు మూడేళ్లు అటూఇటూగా తీసిన పక్కవాటు ఫొటో సంపాదించండి. డ్రాయింగులకు కార్ బిల్డర్స్ సైక్లోపీడియా మంచిదే గాని, అందులో ఉన్నది కొత్త కారు. రంగు, మురికి, కప్పు ఎలా ఉండేవో తెలియాలంటే ఫొటోగ్రాఫర్ జాక్ డెలానో 1942–43లో షికాగో యార్డుల్లో తీసిన కలర్ ఫొటోలను మించినవి లేవు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి.

ఇక కొలతలు. హెచ్‌ఓలో ఒక అడుగు అంటే 3.5 మి.మీ. మోడల్ మీద 1 మి.మీ. తేడా వస్తే అసలు కారు మీద దాదాపు 3.4 అంగుళాలు. ఈ కారు లోపలి పొడవు 40 అడుగుల 6 అంగుళాలు, అంటే 141.75 మి.మీ. లోపలి వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు, 29.75 మి.మీ. లోపలి ఎత్తు 9 అడుగులు, 31.5 మి.మీ. గోడల మందం కలుపుకుని మీ ముక్కలు వీటికి దగ్గరగా ఉన్నాయో లేదో కాలిపర్‌తో చూడండి. రెజిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. పక్కలు ఒక పూట, కప్పు ఇంకో పూట పోసి ఉంటే రెండింటి పొడవు కలవదు. 0.7 మి.మీ. తేడా వచ్చిందంటే పొట్టిగా ఉన్న ముక్కని ప్రమాణంగా పెట్టుకుని మిగతావి అరగదీయండి. పొట్టిదాన్ని సాగదీయడానికి మధ్యలో ముక్కలు పెట్టారంటే పలకల గీతల దగ్గర అతుకు దొరికిపోతుంది.

అంటించే ముందు ముక్కలన్నీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. అచ్చుకి పూసిన జిడ్డు పోకపోతే రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. వంకర తిరిగిన ముక్కని చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచి, గాజు పలక మీద పరచి, పైన బరువు పెట్టి చల్లారనివ్వండి. పోతలో వెనక వైపు మిగిలిన పల్చటి పొరని 320 నంబరు గరుకు కాగితం గాజు మీద పరచి తడిగా అరగదీయండి. పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మామూలు ప్లాస్టిక్ సిమెంట్ రెజిన్‌ని పట్టుకోదు. సీఏ జిగురే (సూపర్ గ్లూ) వాడాలి, లేదా ఎపాక్సీ. మూలల్లో లోపలి వైపు 2.5 మి.మీ. చదరపు స్టైరీన్ (ప్లాస్టిక్) కడ్డీ పెడితే 90 డిగ్రీలు నిలబడతాయి. మొదటి మూల సరిగ్గా రాకపోతే నాలుగో మూలకి పెట్టె మెలిక తిరుగుతుంది, అప్పుడు ఎనిమిది చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది.

అడుగు భాగం గురించి ఒక హెచ్చరిక. అదే కాలంలో వచ్చిన డబుల్ షీత్డ్ (రెండు పొరల పలకల) యూఎస్‌ఆర్‌ఏ కారు అడుగు చట్రం మధ్యలో చేప పొట్టలా కిందికి దిగుతుంది, ఎందుకంటే బరువంతా ఆ మధ్య దూలమే మోయాలి. సింగిల్ షీత్డ్‌లో పక్కన కనిపించే నిలువు, ఏటవాలు ఉక్కు కమ్ములు వంతెన గర్డరులా బరువు మోస్తాయి, కాబట్టి మధ్య దూలం తిన్నగా, లోతు తక్కువగా ఉంటుంది. దొరికింది కదా అని వేరే కిట్ నుంచి చేప పొట్ట చట్రం తెచ్చి తగిలించకండి. పక్కనుంచి చూస్తే వెంటనే కనిపించే తప్పు అది.

బ్రేక్ సామాను దగ్గర చాలామంది తడబడతారు. కె బ్రేకుల్లో కెసి రకంలో సిలిండరు, గాలి తొట్టి కలిసి ఒకే ముక్క, తొట్టి చివర ట్రిపుల్ వాల్వు (బ్రేకుకి గాలి వదిలే వాల్వు). ఏబీలో మూడు ముక్కలు విడివిడిగా ఉంటాయి: సిలిండరు, వాల్వు, మధ్యలో అంచు ఉన్న రెండు గదుల గాలి తొట్టి. పక్కవాటు ఫొటోలో ఆ నడుము అంచు కనిపిస్తే ఏబీ అని తేలినట్టే. ఏది పెట్టినా సిలిండరు కడ్డీ బయటికి వచ్చే దిక్కు చేతిబ్రేకు చక్రం ఉన్న వైపే, దాన్నే బి ఎండ్ అంటారు. దీన్ని తిరగేసి అంటించిన మోడళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ఏబీ వాల్వు నుంచి గొట్టాలు ఇలా పోతాయి: రెండు తొట్టికి, ఒకటి సిలిండరుకి, ఒకటి డర్ట్ కలెక్టర్ (దుమ్ము పట్టే గిన్నె) మీదుగా ట్రైన్ లైనుకి (రైలు పొడవునా పోయే గాలి గొట్టానికి), సన్నది ఒకటి బి ఎండ్ మీదున్న రిటైనర్ వాల్వుకి (బ్రేకు గాలిని పట్టి ఉంచేదానికి). ట్రైన్ లైను ఒకటింపావు అంగుళాల పైపు, బయటి వ్యాసం 1.66 అంగుళాలు, కాబట్టి 0.5 మి.మీ. ఇత్తడి తీగ సరిపోతుంది. బ్రేక్ రాడ్‌లకు 0.25 మి.మీ. చాలు. ఎవరూ బోర్లా తిప్పి చూడరు, ఇదంతా ఎందుకు అనిపిస్తే గొట్టాలు మానేయండి, కాని సిలిండరు, తొట్టి, లివర్లు మాత్రం సరైన చోట ఉండాలి. అవి పక్కనుంచి కనిపిస్తాయి.

చేతి పట్టీలు, అంటే గ్రాబ్ ఐరన్లు. 1911 నాటి భద్రతా నిబంధన ప్రకారం కమ్మి మందం కనీసం ఐదు బై ఎనిమిది అంగుళం, చెయ్యి దూరడానికి ఖాళీ కనీసం 2 అంగుళాలు, వీలైతే రెండున్నర. హెచ్‌ఓలో ఆ కమ్మి 0.18 మి.మీ. వస్తుంది. కిట్లలో సాధారణంగా ఇచ్చే 0.3 మి.మీ. తీగ అసలు కారు మీద అంగుళం పైనే మందం. 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ కంటికి బాగుంటుంది, కాని రెండుసార్లు చెయ్యి తగిలితే వంగిపోతుంది. నడిపే కారుకి 0.25 వాడి, 0.3 మి.మీ. డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయడం నాకు నచ్చిన రాజీ. రెండు అంగుళాల పైచిలుకు ఖాళీ రావాలంటే తీగ కింద 0.76 మి.మీ. స్టైరీన్ పట్టీ పెట్టి, వెనకనుంచి సూదిమొనంత జిగురు తాకించి, ఆరాక పట్టీ లాగేయండి. కారుకి కావలసినన్ని వంచాక మరో నాలుగు వంచి పెట్టుకోండి, పట్టకారు నుంచి ఎగిరిపోయేవి దొరకవు.

అమెరికన్లు ట్రక్ అనేది మన రైల్వే వాళ్ల బోగీ (జనం మాత్రం పెట్టె మొత్తాన్ని బోగీ అంటారు, ఆ గొడవ ఇక్కడ వద్దు). ఈ కార్లకు ఆండ్రూస్ రకం ట్రక్కులు వచ్చాయి. ఇరుసుల మధ్య ఐదున్నర అడుగులు, అంటే 19.25 మి.మీ. చక్రం 33 అంగుళాలు, 9.6 మి.మీ. మామూలు కోడ్ 110 చక్రం వెడల్పు 2.8 మి.మీ., కోడ్ 88 అయితే 2.24, అసలు చక్రాన్ని కుదిస్తే 1.67. కోడ్ 88 వేస్తే ఎండ్ వైపు నుంచి చూసినప్పుడు తేడా తెలుస్తుంది, చాలా లేఅవుట్ల మీద బాగానే నడుస్తాయి. పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) గాడి వెడల్పుగా ఉంటే మాత్రం చక్రం అందులోకి దిగుతుంది, ముందు ఒక జత వేసి చూడండి. ఆ కాలానికి పోత ఇనుము చక్రాలే ఎక్కువ, వాటి వెనక వంపు తిరిగిన పక్కటెముకల లాంటి గీతలుంటాయి, అలాంటివి విడిగా అమ్ముతారు.

ఒక ట్రక్కు స్క్రూని తిరగడానికి మాత్రమే వీలుండేలా బిగించి, రెండోదాన్ని అన్ని వైపులా ఊగేలా వదులుగా ఉంచండి. మూడు కాళ్ల పీటలా నిలబడుతుంది. కప్లర్ (కార్లను కలిపే కొక్కెం) మధ్యభాగం పట్టాల పైనుంచి సుమారు 10 మి.మీ. ఉండాలి. హైట్ గేజ్‌తో చూడండి, తక్కువైతే ట్రక్కు మీద 0.25 లేదా 0.38 మి.మీ. ఫైబర్ వాషర్ వేయండి. కప్లర్‌కి కేడీ కంపెనీ నంబర్ 5 కన్నా స్కేల్ తల ఉన్న 58 గానీ 158 గానీ మేలు.

బరువు లెక్క ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం) సిఫారసు ప్రకారం: 28 గ్రాములు, దానికి తోడు కారు పొడవు ప్రతి అంగుళానికి 14 గ్రాములు. మీ కారు సుమారు 5.8 అంగుళాలు, అంటే మొత్తం 110 గ్రాములు. సీసం ముక్కలు వేస్తే తెల్ల పీవీఏ జిగురుతో అంటించకండి. కొన్నేళ్లకు సీసం తెల్లగా పూసి, ఉబ్బి, గోడలను పగలగొడుతుంది. ఇనుప నట్లు, ఎపాక్సీ అయితే ఈ బెడద లేదు. అడుగున 2 మి.మీ. రంధ్రం ఒకటి వదలండి. మూసేసిన రెజిన్ పెట్టెలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తే పక్కలు ఉబ్బుతాయి. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారు డిక్కీలో ఇలాంటి మోడల్ పెట్టడం అసలే వద్దు.

రంగు అంటే బాక్స్‌కార్ రెడ్ అనే ఒక్క రంగు లేదు. అది ఐరన్ ఆక్సైడ్, మన జేగురు. కంపెనీకో ఛాయ, ఎండకు ఇంకో ఛాయ. ముందు మెరిసే వార్నిష్ పొర, దాని మీద డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే అక్షరాల పొర), మెత్తబరిచే ద్రావణం, ఆరాక పలకల సందుల్లో కొత్త బ్లేడుతో చీల్చి మళ్లీ ద్రావణం. సందు మీద డెకాల్ డోలు చర్మంలా సాగి నిలబడితే అక్కడ చీల్చలేదన్నమాట. చివరి మ్యాట్ పొర వానాకాలం వేయకండి, గాలిలో తేమకి తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది.

అంకెల దగ్గర ఒక పరీక్ష ఉంది, దీన్ని దాటని మోడళ్లే ఎక్కువ. 50 టన్నుల ట్రక్కులున్న కారుకి ఆ కాలంలో పట్టాల మీద మొత్తం బరువు 1,69,000 పౌండ్లకు మించకూడదు (40 టన్నుల కారుకి 1,36,000). పక్కన రాసిన ఎల్‌డి ఎల్‌ఎంటి (లోడ్ లిమిట్, సరుకు పరిమితి), ఎల్‌టి డబ్ల్యుటి (ఖాళీ బరువు) రెండూ కలిపితే ఆ అంకె రావాలి. ఖాళీ బరువు 45,800 అని వేస్తే లోడ్ లిమిట్ 1,23,200 అని ఉండాలి. డెకాల్ షీటు నుంచి చేతికి దొరికిన అంకెలు అతికిస్తే ఈ లెక్క తప్పుతుంది. కార్లను కొన్నేళ్లకోసారి మళ్లీ తూచేవారు. పాత అంకెల మీద కొత్త రంగు పట్టీ కొట్టి, కొత్త బరువు, తూచిన చోటు గుర్తు, నెల, సంవత్సరం రాసేవారు. కాబట్టి 1948 కారు మీద ఆ తేదీ 1948కి తరువాత ఉండకూడదు, మరీ వెనకా ఉండకూడదు, ఆ పట్టీ మిగతా ఒంటికన్నా శుభ్రంగా ఉండాలి. మురికి వేశాక ఆ పట్టీని వేయడం సులువు.

మురికి వేసేటప్పుడు చక్రాలకి తుప్పు రంగు పూయకండి. ఆనాటి బేరింగులు నూనెలో నడిచేవి, ఆ నూనె చక్రం ముఖం మీదికి కారి దుమ్ము పట్టి నల్లటి జిడ్డుగా ఉండేది. తుప్పు రంగు చక్రాలు తరువాత వచ్చిన రోలర్ బేరింగ్ కార్లవి. పలకలన్నీ ఒకే ఛాయలో ఉంటే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. నాలుగైదు పలకలకు మాత్రం కొంచెం వెలిసిన ఛాయ, మార్చిన పలక అనిపించేలా ఒకటి రెండిటికి కొత్త ఛాయ వేయండి.

మీ కారు కంపెనీ పేరు, నంబర్ల వరుస ఇక్కడ రాయండి. తలుపు అప్పటికి చెక్కదే ఉందో, యంగ్స్‌టౌన్ రకం ఉక్కు తలుపుకి మార్చారో ఫొటోలో చూసి చెప్పొచ్చు. తలుపు సందు 6 అడుగులు, 21 మి.మీ., ఏ తలుపు వేసినా అదే.