ఆర్వో, సాఫ్ట్‌నర్ విడిచే నీటిని సెప్టిక్ ట్యాంకులో కలపవచ్చా?

కనిగిరి వైపు పొలంలో కట్టుకున్న మీ ఇంటికి బోరు నీరే ఆధారమనీ, ఆర్వో వదిలేసే నీటినీ నీటి కఠినత్వాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్‌ను కడిగిన ఉప్పునీటినీ మరుగుదొడ్డి ట్యాంకులోకే కలపమని ప్లంబరు చెబుతున్నాడనీ రాశారు. కలపవద్దు. పొదిలి దగ్గర మా ఇంట్లో మేస్త్రీ అలాగే కలిపి వెళ్లాడు. కొంతకాలానికి ఇంకుడు గుంత నీరు పీల్చడం తగ్గిపోయి, ముసురు పట్టిన రోజుల్లో మరుగుదొడ్డిలో పోసిన నీరు దిగేది కాదు.

సెప్టిక్ ట్యాంకులో నీరు కనీసం ఒక రోజైనా కదలకుండా నిలిస్తేనే మడ్డి అడుగుకు దిగి, జిడ్డు పైన తెట్టుగా కట్టి, నడుమనున్న నీరు మాత్రమే ఇంకుడు గుంతకు వెళుతుంది. సాఫ్ట్‌నర్‌ను కడిగినప్పుడు ఒక్కసారిగా వచ్చిపడే నీరు ఆ మడ్డిని కదిలించి గుంతలోకి తోసేస్తుంది. పైగా అందులోని సోడియం బంకమట్టిని విడగొట్టి, నీరు ఇంకే సందులను మూసేస్తుంది. అసలే నల్లరేగడి నేలలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి మాకు ఈ బాధ మరింత ఎక్కువైంది. సాఫ్ట్‌నర్ గొట్టాన్ని విడదీసి, బోరుకు దూరంగా పల్లంలో వేరే గుంతకు మళ్లించి, ట్యాంకును బండితో తోడించిన తరువాతే పరిస్థితి చక్కబడింది.

ఇక మీది నిజంగా సెప్టిక్ ట్యాంకేనా అన్నది ముందు చూసుకోండి. మన పల్లెల్లో అడుగు వేయకుండా సిమెంటు వరలు దింపిన గుంతను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అటువంటి గుంత నుంచి మురుగు నేరుగా భూమిలోకి దిగుతుంది. రాతి పగుళ్ల వెంట అది బోరు దాకా చేరితే పైకి ఏ జాడా కనిపించదు. ఇంకుడు గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. గుంత బోరుకు ఎగువన ఉంటే ఆ దూరాన్ని కూడా నేను నమ్మను.

నీటి సంగతికొస్తే, సాఫ్ట్‌నర్ ఫ్లోరైడును తీయదు. కాచినా అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. నైట్రేటుకు 45 మిల్లీగ్రాములే హద్దు, దానికి సడలింపు లేదు. మురుగో పేడ ఊటో బోరులో కలుస్తోందేమోనన్న అనుమానం మొదట ఆ నైట్రేటు లెక్కలోనే కలుగుతుంది కనుక, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఫ్లోరైడుతో పాటు దానినీ, మురుగు కలిసిందని తెలిపే కోలిఫారం క్రిములనూ చూడమని అడగండి. ఫ్లోరైడు పరీక్షకు నీటిని గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. క్రిముల పరీక్షకు మాత్రం వాళ్లిచ్చే సీసానే వాడాలి.

ఆర్వో వదిలే నీరు మేము వసారా కడగడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి వాడుతున్నాం. మరుగుదొడ్డిలో ఎలాగూ పోయవలసిన నీటికి బదులుగా వాడితే ట్యాంకుపై అదనపు భారం పడదు. గొడ్లకు మాత్రం తాగడానికి పెట్టకండి, బోరులో ఉన్న ఫ్లోరైడు ఆ నీటిలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి బండితోనే తోడించండి. లోపల విషవాయువులు ఉంటాయి కాబట్టి, ఎంత అనుభవం ఉన్నవాడినైనా అందులోకి దింపవద్దు.