కార్లోస్ క్లైబర్ రికార్డింగులు ఇంత తక్కువైనా అంత పేరెందుకు? దేనితో మొదలుపెట్టాలి?

ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ క్లైబర్ (1930–2004) స్టూడియోలో చేసిన సింఫనీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: బీథోవెన్ 5, 7, షూబర్ట్ 3, 8, బ్రామ్స్ 4. అన్నీ వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతోనే. తృప్తి కలిగేదాకా రిహార్సల్ చేయాలనేవారు, నచ్చకపోతే కచేరీయే మానుకునేవారు. అందుకే ఇంత తక్కువ.

రొమాంటిక్ (19వ శతాబ్దపు భావోద్వేగ శైలి) సంగీతం కోసమైతే 1980 నాటి బ్రామ్స్ 4తో మొదలుపెట్టండి. ఉపోద్ఘాతమేమీ ఉండదు, వయొలిన్లు నేరుగా పాట ఎత్తుకుంటాయి. చాలామంది కండక్టర్లు ఇక్కడ నెమ్మదించి బరువు పెంచుతారు. క్లైబర్ అలా సాగదీయరు, ఊపిరి తీసినంత సహజంగా నడిపిస్తారు. అసలు పట్టు చివరి భాగంలో తెలుస్తుంది. ఎనిమిది బార్ల (తాళ విభాగాల) చిన్న వరస ముప్పై రకాలుగా తిరిగి తిరిగి వస్తుంది. మధ్యలో ఫ్లూట్ ఒంటరిగా పాడేచోట అంతా నెమ్మదిస్తుంది, అయినా లోపల టెన్షన్ సడలదు. నాకైతే ప్రతిసారీ అక్కడే ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత షూబర్ట్ 8, అంటే 'అన్‌ఫినిష్డ్' వినండి. మొదట్లో చెల్లోలు, బాస్‌లు దాదాపు గుసగుసలాడతాయి, కాబట్టి ఫోన్ స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఒపెరా ఇష్టమైతే డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లె ఆర్కెస్ట్రాతో చేసిన వేబర్ 'ఫ్రైషుట్జ్' ఉంది. దాని ఓవర్చర్ (మొదట్లో ఆర్కెస్ట్రా వాయించే భాగం) ఒక్కటి విన్నా చాలు. చూడాలనుంటే 1989, 1992 వియన్నా నూతన సంవత్సర కచేరీల వీడియోలున్నాయి. ఒక్కోసారి చేత్తో బీట్ వేయడం మానేసి, ఊరికే నవ్వుతూ నిలబడతారు!