ఒకదాని బదులు మరొకటి మార్చి బిగించగల విడిభాగాలు అమెరికా తయారీదారు ఎలై విట్నీ కనిపెట్టినవేనా?

కావు, ఆ ఘనత విట్నీది కాదు. 1785 నాటికే ఫ్రాన్స్‌లో ఒనోరే బ్లాంక్ తుపాకీ యంత్రాంగపు ముక్కలను కలగలిపి, చేతికందినవి తీసి బిగించి చూపించాడు.

అంతకుముందు పనివాడు ప్రతి ముక్కనీ ఆకురాయితో అరగదీసి పక్క ముక్కకు సరిపెట్టేవాడు. అందుకే ఒక తుపాకీ ముక్క ఇంకోదానికి పట్టేది కాదు. రెండు ముక్కలు అచ్చంగా ఒకేలా ఉండటం ఎలాగూ అసాధ్యం. ఎంత తేడా వరకు ఫర్వాలేదో ముందే తేల్చుకుని, ఆ హద్దు దాటినదాన్ని గేజితో, అంటే కొలత సరిచూసే పనిముట్టుతో, పట్టి పక్కన పడేయాలి. అసలు కిటుకంతా ఇదే. అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో జాన్ హాల్ 1820లలో ప్రత్యేక యంత్రాలు, బోలెడన్ని గేజిలతో ఇది సాధించాడు. పరీక్షకులు అతని రైఫిళ్లను విప్పి, ముక్కలు కలిపేసి మళ్లీ బిగిస్తే చక్కగా అమరాయి.

విట్నీ 1798లో 10,000 తుపాకులకు ఒప్పుకుని 1809కి గానీ పూర్తిచేయలేదు. పైగా మిగిలివున్న వాటి ముక్కలు ఒకదానివి మరోదానికి సరిపోవడం లేదు! ప్రచారం మాత్రం బాగా చేసుకున్నాడు. హెన్రీ ఫోర్డ్ పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆయన కంపెనీ 1913లో తెచ్చింది కదిలే అసెంబ్లీ లైను, అంటే కారు ముందుకు కదులుతుంటే పనివాళ్లు ఒక్కో ముక్కా బిగించే వరుస. ముక్కలు అరగదీయకుండా అమరితేనే అది ఆగకుండా నడుస్తుంది.